ఫైబర్‌నెట్ ఇంటికొచ్చింది, మరి వైఫైలో ఎవరి వంతు ముందు?

"నెట్ ఆగి ఆగి వస్తోందండీ, పెద్ద ప్లానుకి మారమంటారా?" ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో తరచుగా వినపడే ప్రశ్న ఇది. నెలకి మరో వందో రెండొందలో కట్టే ముందు ఈ పాఠం ఒకసారి చదవండి. చాలా ఇళ్లలో లోటు లైనులో ఉండదు. బాక్సు పెట్టిన చోటులోనో, వైఫై సెట్టింగుల్లోనో, ఉన్న స్పీడుని ఇంట్లోవాళ్లు పంచుకునే తీరులోనో ఉంటుంది. అవి సరి చేసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపు కూర్చుంటే చాలు.

ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. సెట్టింగుల తెర మీద అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. అవి ఎలా పలుకుతాయో ఇక్కడ తెలుగులో రాశాం, చూసి పోల్చుకోండి.

ఈ లైను మీ ఇంటిదాకా ఎలా వచ్చింది

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో మొదట ఇంటింటికీ ఫైబర్ ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఈ ప్రాజెక్టుని జాతికి అంకితం చేశారు. నెలకి 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు, ఫోను, మూడూ ఒకే తీగలో అన్నది అప్పటి మాట. ప్లాన్లు, ధరలు తర్వాత మారాయి. ఇప్పుడు మీది ఏ ప్లానో మీ బిల్లు మీద చూసుకోండి.

నేల తవ్వి పూడిస్తే ఏళ్లు పడుతుందని ఈ తీగని కరెంటు స్తంభాల మీదుగా లాగారు. ఊళ్లో కేబుల్ ఆపరేటరు దగ్గర నుంచి వచ్చే ఒక ఫైబర్‌ని చిన్న పెట్టెలో చీల్చి, సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు ఇస్తారు. ఆ ఇళ్లన్నిటికీ కలిపి కిందికి వచ్చే దారి సుమారు 2,500 ఎంబీపీఎస్, పైకి వెళ్లే దారి దాదాపు అందులో సగం. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఒకే తీగలో వచ్చినా వాటికి లోపల వేరువేరు దారులుంటాయి, టీవీకీ ఫోనుకీ ముందు వరస ఇచ్చి ఉంటారు. "టీవీ బ్రహ్మాండంగా వస్తోంది, నెట్టే రావట్లేదు" అన్నప్పుడు అందులో వింతేమీ లేదు. ప్రాధాన్యం ఇవ్వడం అన్న పని మీ బాక్సులో మొదటి రోజు నుంచే జరుగుతోంది. మిగిలిన ఇంటర్నెట్ దారిలో కూడా అదే పని మనం చేసుకోవచ్చా అన్నదే ఈ పాఠంలో అసలు విషయం.

లోటు ఎక్కడుందో ముందు తేల్చండి

కృష్ణా డెల్టా రైతుకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. శివారు పొలానికి నీళ్లు అందలేదంటే బ్యారేజీ దగ్గరే తక్కువ వదిలారా, కాలువలో పూడిక ఉందా, పై ఊళ్లవాళ్లు మోటార్లు పెట్టి తోడేస్తున్నారా అని చూస్తారు. నెట్‌కి కూడా అంతే. మూడు చోట్ల కొలవాలి.

మొదట బాక్సుకి రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత మీకు ఇబ్బందిగా ఉన్న గదిలోకి వెళ్లి మళ్లీ చేయండి. ల్యాప్‌టాప్ ఉంటే నెట్‌వర్క్ కేబుల్‌తో బాక్సుకి నేరుగా కలిపి మూడోసారి చేయండి. టెస్టు జరిగేటప్పుడు ఇంట్లో మిగతావాళ్లు వీడియోలు ఆపాలి, లేకపోతే కొలత తప్పుతుంది. పొద్దున ఆరింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి చేసి, డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత అని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఈ కాగితం తర్వాత కూడా పనికొస్తుంది, పారేయకండి.

కేబుల్ మీద కూడా తక్కువ వస్తోందంటే లోటు లైనులో ఉంది, లేదా ప్లానులో ఇచ్చిన డేటా అయిపోయి స్పీడు తగ్గించారు. అలాంటప్పుడు వైఫై సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు, ఆపరేటరుకి చెప్పాలి. బాక్సు పక్కన బాగా వచ్చి, లోపలి గదిలో రాకపోతే సిగ్నల్ సమస్య. రెండు చోట్లా టెస్టులో బాగానే చూపించి, అందరూ వాడేటప్పుడు మాత్రం ఆగిపోతుంటే వంతుల సమస్య.

ఒక లెక్క కూడా తెలిసి ఉండాలి. 15 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 15 మెగాబిట్లు. సినిమా ఫైళ్లని కొలిచేది మెగాబైట్లలో, ఒక బైటుకి ఎనిమిది బిట్లు. కాబట్టి సెకనుకి రెండు మెగాబైట్లలోపే దిగుతుంది. ఒక జీబీ సినిమాకి తొమ్మిది నిమిషాలు పడుతుంది. అది లోపం కాదు, లెక్క ప్రకారం రావలసిందే అంత.

బాక్సు ఎక్కడ ఉంది?

బిగించిన రోజు ఫైబర్ తీగ ఏ కిటికీలోంచి వచ్చిందో ఆ కిటికీ పక్కనే బాక్సు పెట్టి వెళ్లిపోతారు. అది టీవీ వెనకాలో, బీరువా పక్కనో అయి ఉంటుంది. ఇనప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ల తొట్టి, చేపల అక్వేరియం వైఫైకి అడ్డాలే. ఇనుము సిగ్నల్‌ని తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. ఇటుక గోడలు రెండు దాటేసరికి సిగ్నల్ బాగా నీరసిస్తుంది. స్లాబు దాటి పై అంతస్తుకి వెళ్లడం ఇంకా కష్టం. ఆపరేటరుని అడిగి, తీగని నాలుగు మీటర్లు పొడిగించి, బాక్సుని ఇంటి మధ్య గదిలో తల ఎత్తున పెట్టించండి. నన్నడిగితే, సెట్టింగులన్నీ మార్చినదానికంటే ఈ ఒక్క పనికే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది. అయితే ఫైబర్ తీగని మీరు వంచకండి, మేకుకి చుట్టకండి. లోపల ఉన్నది వెంట్రుకంత గాజు.

ఎత్తులో పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి విజయవాడవాళ్లకి చెప్పక్కర్లేదు. కింద పెట్టిన ఏ పెట్టే దక్కలేదు. పైగా కరెంటు పోతే ఈ బాక్సు ఆగుతుంది, దాంతో వైఫై, దీని మీద నడిచే ఫోను రెండూ ఆగుతాయి. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌లాగా ఇది కరెంటు లేకుండా మోగదు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే బాక్సు ప్లగ్గుని దానికి కలపండి. లేకపోతే రూటర్ల కోసం చిన్న బ్యాటరీలు దొరుకుతాయి. ఇంట్లో ముసలివాళ్లు, రోగులు ఉంటే ఇది తప్పకుండా ఆలోచించాల్సిన విషయం.

సెట్టింగుల పేజీలోకి వెళ్లడం

బాక్సు అడుగున లేదా వెనక ఒక స్టిక్కరు ఉంటుంది. దాని మీద వైఫై పేరు, పాస్‌వర్డ్, 192.168.1.1 లాంటి ఒక నంబరు, లోపలికి వెళ్లడానికి యూజర్ పేరు ఉంటాయి. నంబరు బాక్సుని బట్టి మారవచ్చు, మీ స్టిక్కరు మీద ఉన్నదే వాడండి. స్టిక్కరుని ముందుగా ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత ఫోను ఇంటి వైఫైకి కలిపి ఉంచి, ఇంటర్నెట్ బ్రౌజరులో పై గడిలో ఆ నంబరు కొడితే పేజీ తెరుచుకుంటుంది. ఒక్కోసారి మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే తెరుచుకోదు, అది ఆపి చూడండి.

పేజీలో వైర్‌లెస్ అనో, డబ్ల్యూలాన్ అనో, వైఫై అనో ఒక భాగం ఉంటుంది. మన పని అందులోనే. వాన్, పాన్, వీలాన్, ఐపీటీవీ అని ఉన్న భాగాల జోలికి వెళ్లకండి. టీవీకీ ఫోనుకీ వేరే దారులు ఉంటాయని చెప్పుకున్నాం కదా, అవి అక్కడ రాసి ఉంటాయి. ఒక్క అంకె మారినా టీవీ ఆగిపోవచ్చు. బాక్సు వెనక చిన్న కన్నంలో ఉండే రీసెట్ బటన్ని పిన్నుతో నొక్కడం కూడా వద్దు. ఆపరేటరు పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోతే ఆయన మళ్లీ వచ్చేదాకా కనెక్షన్ ఉండదు. ఏ సెట్టింగు మార్చినా, మార్చే ముందు ఆ తెరని స్క్రీన్‌షాట్ తీసుకోండి. తేడా వస్తే పాతది చూసి తిరిగి పెట్టుకోవచ్చు.

కొన్ని బాక్సుల్లో ఆపరేటర్లు ఈ పేజీని మనకి తెరవకుండా ఉంచుతారు. అలాంటప్పుడు కింద చెప్పినవి ఆయనకి చెప్పి చేయించుకోండి. కనెక్షన్ మీ పేరు మీద ఉంది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

పేరు, పాస్‌వర్డ్

ఎస్ఎస్ఐడీ అని ఉన్నచోట వైఫై పేరు ఉంటుంది. అందులో ఇంటి నంబరు, ఫోన్ నంబరు పెట్టవద్దు. సెక్యూరిటీ అని ఉన్నచోట డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఎంచుకోండి, డబ్ల్యూపీఏ3 కూడా ఉండి మీ ఫోన్లన్నీ దానికి కలుస్తుంటే అది ఇంకా మంచిది. వెప్, టికిప్ అన్నవి పాతవి. వాటితో భద్రత తక్కువ, పైగా స్పీడుకి కూడా కళ్లెం పడుతుంది. కొత్త ఫోన్లు కొన్నా నెట్ నెమ్మదిగానే ఉందనేవాళ్లు ముందు ఇది చూడండి. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సదుపాయం ఉంటే ఆపేయండి.

పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలకి తగ్గకుండా ఉండాలి. పిల్లల పేరు, పుట్టిన తేదీ కలిపి పెట్టేవి వీధిలో ఎవరైనా ఊహించగలరు. సంబంధం లేని మూడు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో అంకెలు వేస్తే గుర్తుంటుంది, ఊహకూ అందదు. వైఫై పాస్‌వర్డ్ వేరు, సెట్టింగుల పేజీకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. రెండోది స్టిక్కరు మీద ఉన్నదే ఉంచేస్తే, మీ వైఫైలోకి వచ్చిన ప్రతివాళ్లూ మీ బాక్సుకి యజమానులే. అదీ మార్చండి, మార్చి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీ కనెక్షన్ మీద నుంచి ఎవరైనా మోసం మెసేజి పంపినా, బెదిరింపు పెట్టినా, బయటికి కనిపించేది మీ కనెక్షన్ ఐపీ చిరునామా. పోలీసులు ముందు ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆ ఇంటికే వస్తారు. చేసింది మీరు కాదని తేలవచ్చు, కానీ తేలేదాకా తిరగాల్సింది మీరే. మీ డబ్బు పోయిందంటే 1930కి వెంటనే ఫోను చేయాలన్న సంగతి చాలామందికి తెలుసు. మీ వైఫై మీద నుంచి మరొకరి డబ్బు పోకుండా చూసుకోవడం కూడా అంతే అవసరం.

అలాగని సంక్రాంతికి ఇంటికొచ్చిన అల్లుడు వైఫై అడిగితే లేదనలేం కదా. గెస్ట్ నెట్‌వర్క్ అనే సదుపాయం ఉంటే ఆన్ చేసి, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. చుట్టాలకి, అద్దెకున్నవాళ్లకి అదే ఇవ్వండి. పండగ అయ్యాక ఆపేయవచ్చు, మీ అసలు పాస్‌వర్డ్ ఎవరికీ తెలియాల్సిన పని ఉండదు.

2.4, 5 అని రెండు పేర్లు ఎందుకు

చాలా బాక్సులు రెండు రకాల సిగ్నల్ ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది, స్పీడు తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ గోడలకి ఆగిపోతుంది. రెంటికీ ఒకే పేరు ఉంటే ఫోను తనకి తోచినదాన్ని పట్టుకుంటుంది. నా సలహా, రెంటికీ వేరే పేర్లు పెట్టండి. బాక్సు ఉన్న గదిలో వాడే ల్యాప్‌టాప్, ఫోన్లు 5లో, దూరపు గది ఫోన్లు, సీసీ కెమెరాలు 2.4లో కలపండి. కెమెరాలు చాలావరకు 2.4 తప్ప వేరేది పట్టుకోలేవు కూడా. బాక్సులో 2.4 ఒక్కటే ఉంటే దాంతోనే సర్దుకోవచ్చు, కింది మాటలు దానికి మరీ ముఖ్యం.

విజయవాడలో విద్యాధరపురం, క్రీస్తురాజపురం కొండల మీద ఇళ్లు చూడండి. ఒకరి డాబా ఇంకొకరి వాకిలి. మీ ఫోనులో వైఫై జాబితా తెరిస్తే పక్కింటివి, కిందింటివి, పైయింటివి కలిపి ఇరవై పేర్లు కనిపిస్తాయి. అవన్నీ ఒకే గాలిలో మాట్లాడుతున్నాయి. 2.4లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానళ్లున్నాయి, కానీ పక్కపక్క ఛానళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్‌తో చూసి, ఈ మూడింటిలో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి. రెండు ఛానళ్ల మధ్య ఖాళీ కనిపించిందని 3 గానీ 4 గానీ పెడితే అటువాళ్లకీ ఇటువాళ్లకీ అడ్డం పడతారు. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 40 పెడితే స్పీడు రెట్టింపవుతుందని కొందరు చెప్తారు, ఇళ్లు దగ్గరగా ఉన్నచోట అది జరగదు. 5లో రద్దీ తక్కువ, అక్కడ 80 పెట్టుకోవచ్చు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4లోనే పనిచేస్తుంది. అది తిరిగేటప్పుడు వంటింట్లో వీడియో ఆగితే కంగారు పడకండి.

ఊరి చివర, పొలాల మధ్య ఇళ్లకి ఈ రద్దీ గొడవ లేదు. అక్కడ ఛానల్ ఏదైనా ఒకటే.

ఇక వంతులు

దివిసీమ వైపు ఒక ఇల్లు ఊహించుకోండి. 15 ఎంబీపీఎస్ ప్లాను, అప్‌లోడ్ కూడా అంతే వస్తోంది. రొయ్యల చెరువు మీద నాలుగు కెమెరాలు, ఒక్కొక్కటి సుమారు 2 ఎంబీపీఎస్ చొప్పున వీడియో పైకి పంపుతోంది, అంటే 8 అక్కడికే పోయింది. సాయంత్రం పెళ్లి నుంచి వచ్చారు, రెండు ఫోన్లలో ఫొటోలు, వీడియోలు బ్యాకప్‌కి మొదలయ్యాయి. బ్యాకప్ ఇంత చాలు అనే రకం కాదు, మిగిలిందంతా తీసుకుంటుంది. ఆ టైముకి అమ్మాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెడుతోంది. ఆ పేజీకి కావాల్సింది చాలా కొంచెం డేటా. అయినా బటన్ నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆమె పంపిన చిన్న ముక్క, కెమెరాల, ఫొటోల పెద్ద వరస వెనక నిలబడింది. డౌన్‌లోడ్ దారి ఖాళీగా ఉన్నా, ఆమె అడిగింది పైకి వెళ్తేగదా జవాబు కిందికి వచ్చేది.

గడువు రోజు రాత్రి ఇలా జరిగితే పోయేది సీటు. డాక్టరుతో ఈ-సంజీవని వీడియో కాల్ అయినా, ఉద్యోగం ఇంటర్వ్యూ అయినా ఇదే కథ. ఇంట్లోవాళ్లు "నెట్ బాగాలేదు" అనుకుంటారు. 50 ఎంబీపీఎస్ ప్లానుకి మారినా బ్యాకప్ ఆ 50 కూడా నింపేస్తుంది, వరస అలాగే ఉంటుంది.

కాలువల మీద వంతుల పద్ధతి ఇందుకే వచ్చింది. నీళ్లు తక్కువైనప్పుడు ముందు తాగునీటి చెరువులు, తర్వాత పంట, ఆ తర్వాతే చేపల చెరువులు. లస్కరు తూము దగ్గర నిలబడి ఎవరిది ముందో చూసి వదులుతాడు. రూటరులో ఆ లస్కరు పేరు క్యూఓఎస్. అడ్వాన్స్‌డ్ అనే భాగంలో ఉంటుంది. కొన్నింటిలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనో, డివైజ్ ప్రయారిటీ అనో ఉంటుంది. లస్కరు కొత్త నీళ్లు పుట్టించలేడు, ఇదీ అంతే. ఉన్న 15ని 20 చేయదు, ఎవరిది ముందు వెళ్లాలో మాత్రం చెప్తుంది.

ఆన్ చేయగానే డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత అని అడుగుతుంది. ఇక్కడ ప్లాను మీద రాసిన అంకె వేయకండి. మీ కాగితం మీద రాసుకున్న కొలతల్లో తక్కువది తీసుకుని, దానికి పదో వంతు తగ్గించి వేయండి. టెస్టులో 14 వస్తే 12.5, బాక్సులో కిలోబిట్లలో అడిగితే 12,500. ఎందుకు తగ్గించాలంటారా? పూర్తి అంకె వేస్తే మీ బాక్సు లైను మోయగలిగినంత వేగంగా పంపేస్తుంది, వరస మీ బాక్సు దాటాక ఎక్కడో కడుతుంది. అక్కడ మన లస్కరు మాట చెల్లదు. కొంచెం తగ్గిస్తే వరస మన తూము దగ్గరే కడుతుంది, అక్కడ ఎవరిని ముందు పంపాలో మన చేతిలో ఉంటుంది. ఈ చిన్న తగ్గింపు చేయకపోవడం వల్లే చాలామంది క్యూఓఎస్ పెట్టినా ఏమీ తేడా లేదంటారు.

తర్వాత వరసలు. మాట్లాడే పనులు, అంటే వీడియో కాల్స్, ఆన్‌లైన్ క్లాసులు, ఇంటర్వ్యూలు జరిగే ల్యాప్‌టాప్ గానీ ఫోను గానీ హై అనే వరసలో పెట్టండి. వీడియో కాల్‌కి 2 ఎంబీపీఎస్ సరిపోతుంది, కానీ అది ఆగకుండా రావాలి. మామూలు ఫోన్లని మీడియం లేదా నార్మల్‌లో వదిలేయండి. స్మార్ట్ టీవీలో యూట్యూబ్, ఓటీటీలు కూడా అక్కడే ఉండొచ్చు. అవి ముందే కొంత నింపి పెట్టుకుంటాయి కాబట్టి రెండు సెకన్లు ఆలస్యమైనా మనకి తెలియదు. హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ దాకా పడుతుంది. కెమెరాలు, పెద్ద డౌన్‌లోడ్లు జరిగే పరికరాలు లో అనే వరసలోకి. అన్నిటినీ హైలో పెట్టేస్తే ఎవరికీ పెట్టనట్టే. ఇంట్లో ఒకటి రెండు పరికరాలకి మించి ఆ వరస ఇవ్వకండి. ఎవరికి ఇవ్వాలన్నది మాత్రం రూటరు తేల్చదు, మీరు తేల్చుకోవాలి. పరీక్షల నెలలో పిల్లలకి, మిగతా రోజుల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి అని మార్చుకుంటే సరి.

పరికరాల జాబితాలో ఏది ఎవరిదో తెలియకపోవచ్చు. కొన్ని ఫోన్లు తమ అసలు గుర్తింపు నంబరుకి బదులు మారు నంబరు చూపిస్తాయి. అది మారితే మీరిచ్చిన వరస కూడా పోతుంది. ఫోనులో ఇంటి వైఫై పేరు మీద నొక్కి, ప్రైవసీ అన్నచోట డివైజ్ మ్యాక్ ఎంచుకుంటే ఇంట్లో ఎప్పుడూ ఒకే నంబరు ఉంటుంది. బయట వైఫైలకి ఇలా చేయవద్దు, అక్కడ మారు నంబరే మంచిది.

డబ్ల్యూఎంఎం అని ఇంకొకటి కనిపిస్తుంది. అది గాలిలో, అంటే బాక్సుకీ ఫోనుకీ మధ్య, మాటకీ వీడియోకీ ముందు దారి ఇస్తుంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఆపితే వైఫై పాత కాలపు 54 ఎంబీపీఎస్ పద్ధతికి పడిపోతుంది.

పెట్టాక పరీక్షించండి. ఒక ఫోను నుంచి పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్‌కి పెట్టి, హైలో ఉన్న ఫోను నుంచి వాట్సాప్ వీడియో కాల్ చేయండి. మాట తెగకుండా వస్తే మీ తూము పనిచేస్తోంది. తెగుతుంటే అప్‌లోడ్ అంకె ఇంకొంచెం తగ్గించి మళ్లీ చూడండి.

బాక్సులో క్యూఓఎస్ లేకపోతే

చాలా బాక్సుల్లో ఉండదు, ఉన్నా కనిపించనివ్వరు. అప్పుడు చేతితో వంతులు పెట్టుకోవాలి. ఫొటోల బ్యాకప్‌ని ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, రాత్రి పడుకున్నాక మాత్రమే జరిగేలా ఫోన్లలో చూడండి. ప్లే స్టోర్, కంప్యూటర్ అప్‌డేట్లకీ అంతే. కెమెరాల్లో రోజంతా పైకి పంపే బదులు లోపలి మెమరీ కార్డులో రికార్డు చేసి, కదలిక కనిపించినప్పుడు మాత్రమే పంపేలా పెట్టుకోవచ్చు. నాణ్యత ఒక మెట్టు తగ్గించినా చెరువు గట్టు మీద మనిషి ఎవరో తెలుస్తుంది. పై లెక్కలో కెమెరాలు తినే 8 ఎంబీపీఎస్ ఈ ఒక్క మార్పుతో చాలావరకు మిగులుతుంది. నిజానికి క్యూఓఎస్ ఉన్న ఇళ్లవాళ్లు కూడా ముందు ఇవి చేసుకుంటే మంచిది.

ముఖ్యమైన పనికి వాడే ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో బాక్సుకి కలిపితే గాలిలో రద్దీ గొడవ దానికి ఉండదు. ఇంటర్వ్యూ రోజున అయినా అలా చేయండి. ఇంటి నుంచే పని చేసుకుని బతికేవాళ్లయితే, క్యూఓఎస్ ఉన్న మామూలు రూటరు ఒకటి కొని, బాక్సు లాన్ రంధ్రంలో కలిపి, బాక్సులోని వైఫై ఆపేసి, ఈ కొత్తదాని వైఫై వాడుకోవచ్చు. టీవీ బాక్సు తీగ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంచండి, కొత్త రూటరులోకి మార్చకండి.

లైను వైపు తప్పు ఉంటే

బాక్సు మీద లాస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్ ఎక్కడో తెగింది. స్తంభాల మీద తీగ కాబట్టి గాలివానకి, కొమ్మలు పడి, లారీ తగిలి తెగుతుంటుంది. ఇది సెట్టింగులతో బాగయ్యేది కాదు. తెగిన తీగ చివర కళ్ల దగ్గర పెట్టుకుని చూడకండి. లోపల వెలుగు ఉన్నా కంటికి కనపడదు, కంటికి మంచిది కాదు. కరెంటు స్తంభం మీద వేలాడుతుంటే అసలు ముట్టుకోవద్దు.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకుండా, మీ చందాదారు నంబరు, బాక్సు మీద ఏ లైట్లు వెలుగుతున్నాయో, ఎన్ని గంటలకి మొదలైందో, కేబుల్‌తో కలిపి చేసిన టెస్టులో ఎంత వచ్చిందో చెప్పండి. ఆ కాగితం పనికొచ్చేది ఇక్కడే. కేబుల్ మీద కొలిచిన అంకె చెప్తే "మీ వైఫై సమస్యేమో చూసుకోండి" అన్న జవాబు రాదు. ముందు మీ ఆపరేటరుకి, ఆయన పలక్కపోతే బిల్లు మీద ఉన్న వినియోగదారుల సహాయ నంబరుకి చేసి, ఫిర్యాదు నంబరు అడిగి అదే కాగితం మీద తేదీతో రాసుకోండి. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య మాత్రమే రోజూ పడిపోతుంటే ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. ఒకే చీలిక మీద ఉన్న ఇళ్లన్నీ ఒకేసారి వాడటం వల్ల కావచ్చు. పక్కింటివాళ్లకి కూడా అదే టైములో పడిపోతుంటే వాళ్ల చేత కూడా ఫిర్యాదు చేయించండి.